వానాకాలపు కార్తెలు, చలికాలపు రాత్రులు

సంక్రాంతి రోజుల్లో రాత్రి 9:15 ప్రాంతంలో మహబూబ్‌నగర్‌లో ఎవరైనా డాబా మీద చాప పరచుకుని వెల్లకిలా పడుకుంటే, కళ్లకు నిట్టనిలువుగా ఎదురయ్యే ఎర్రటి చుక్క రోహిణి. ఏదో మాటవరసకు నడినెత్తిన అనడం లేదు. మహబూబ్‌నగర్ భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 16.7 డిగ్రీల దగ్గర ఉంది. రోహిణి ఖగోళ మధ్యరేఖకు, అంటే భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీతకు, ఉత్తరంగా 16.5 డిగ్రీలకు కాస్త పైన తిరుగుతుంది. ఊరి అంకె, చుక్క అంకె ఎంత దగ్గరైతే ఆ చుక్క ఆ ఊరి నెత్తి మీదుగా అంత సూటిగా దాటుతుంది. పాలమూరుకు ఈ తేడా చంద్రబింబం వెడల్పుకంటే తక్కువ. నల్లగొండకు ఇంచుమించు ఒక చంద్రబింబమంత. ఢిల్లీవాళ్లు ఇదే చుక్కను నడినెత్తికి 12 డిగ్రీలు దక్షిణంగా చూస్తారు. ఆకాశంలో అతి ప్రకాశవంతమైన చుక్కల్లో ఒకటి రోజుకొకసారి మన ఇంటి కప్పుకు లంబంగా పోతోంది. మనం మాత్రం దాని పేరును మే నెలలోనే తలచుకుంటాం.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినవాళ్లం. మే 25 వచ్చేసరికి ఇక్కడి బండరాళ్ల మీద చెప్పులు లేకుండా నిలబడలేం. జూన్ 8కి మృగశిర, ఆ రోజు చేపల కూర. జూన్ 22కి ఆరుద్ర, తడిసిన నేల మీద ఎర్రని మఖమల్ ముద్దల్లాంటి ఆరుద్ర పురుగులు. ఆ తర్వాత పునర్వసు, పుష్యమి. పత్తి గింజ ఎప్పుడు వేయాలి, నారు ఎప్పుడు పోయాలి అన్న మాటలన్నీ ఈ పేర్లతోనే నడుస్తాయి. ఇవి నక్షత్రాల పేర్లని అందరికీ తెలుసు. ఆ నక్షత్రాలు ఏవి అని అడిగితే మాత్రం చెయ్యి చాచి చూపించగలిగినవాళ్లు ఊరికి ఒకరిద్దరు కూడా ఉండటం లేదు. నాకు బాధగా ఉండేది అదే. ఎందుకంటే వచ్చే వానాకాలపు కార్తెలన్నీ ఈ 2026 జనవరి రాత్రుల్లో మన తల మీదే ఉన్నాయి. అవి ఏ క్రమంలో వస్తాయో సరిగ్గా అదే క్రమంలో, పడమర నుంచి తూర్పుకు బారు తీరి ఉన్నాయి.

ఎండాకాలపు పేరు చలికాలపు రాత్రిలో ఎందుకుంది? ఇక్కడే చాలామందికి చిక్కు పడుతుంది. కల్లం మధ్యలో ఒక దీపం పెట్టి, దాని చుట్టూ మీరు నడుస్తున్నారనుకోండి. కల్లం చుట్టూ దూరంగా చెట్లున్నాయి. మీరు నడుస్తున్నకొద్దీ దీపం వెనుక కనిపించే చెట్టు మారుతూ ఉంటుంది. ఇప్పుడు దీపానికి సరిగ్గా వెనుక వేపచెట్టు ఉంది. దీపం వెలుగు కళ్లలో పడుతుంది కనుక ఆ చెట్టు మీకు కనిపించదు. సగం చుట్టు తిరిగి అవతలి పక్కకు చేరి, దీపానికి వీపు పెట్టి నిలబడితే అదే వేపచెట్టు ఎదురుగా ఉంటుంది. ఆ దీపం సూర్యుడు, నడిచేది భూమి. సూర్యుడు ఏ నక్షత్రం ముందు నిలిచి కనిపిస్తే అది ఆ కార్తె. అంటే రోహిణి కార్తెలో రోహిణి పగటిపూట సూర్యుడితో పాటే ఉదయించి, సూర్యుడితో పాటే అస్తమిస్తుంది. ఆ పదమూడు రోజులూ దాన్ని చూడటం ఎవరితరమూ కాదు. ఆరు నెలలు గడిచి మనం అవతలి పక్కకు వచ్చాక రాత్రంతా అదే కనిపిస్తుంది. రోళ్లు పగిలే కాలపు చుక్క చలికి వణికే కాలంలోనే చూడటానికి దొరుకుతుంది.

ఈ నడక వల్లే ప్రతి చుక్కా నిన్నటికంటే ఇవాళ దాదాపు నాలుగు నిమిషాలు ముందే పొడుస్తుంది. కచ్చితంగా చెప్పాలంటే 3 నిమిషాల 56 సెకన్లు. నెలకు రెండు గంటలు. పండగ రోజుల్లో 9:15కు నెత్తిమీదికి వచ్చే రోహిణి నెలాఖరుకు 8:15కే వచ్చేస్తుంది. పూర్వం చేల కాపలాకు వెళ్లినవాళ్లకు ఈ లెక్క ఎవరూ నేర్పలేదు, చూసి చూసి ఒంటబట్టింది. అచ్చంపేట, వనపర్తి వైపు యాసంగి వేరుశనగకు అడవిపందుల బెడద ఇప్పటికీ ఉంది. మంచె మీద పడుకున్న మనిషికి గొల్లకావడి అనే మూడు చుక్కల వరుస ఎటు వాలిందో చూస్తే ఇంకెంత రాత్రి మిగిలిందో తెలిసేది.

ఇంకొక చిక్కు కూడా విప్పాలి. నక్షత్రం అనే మాటకు మన వాడుకలో రెండు అర్థాలున్నాయి. ఒకటి చుక్క. రెండోది సూర్యచంద్రులు నడిచే దారిని 27 సమభాగాలు చేస్తే వచ్చే ఒక్కొక్క ముక్క. వృత్తం 360 డిగ్రీలు గనుక ఒక్కో ముక్క 13 డిగ్రీల 20 నిమిషాలు. ఆ ముక్కలో గుర్తుగా నిలిచిన చుక్క పేరే ముక్కకూ పెట్టారు. రచ్చబండ దగ్గరున్న వీధిని రచ్చబండ వీధి అన్నట్టు. సూర్యుడు ఒక ముక్కను దాటడానికి 13 లేదా 14 రోజులు తీసుకుంటాడు, అది కార్తె. చంద్రుడు అదే ముక్కను ఒక్క రోజులో దాటేస్తాడు. పంచాంగంలో ఇవాళ ఫలానా నక్షత్రం అని రాసేది ఈ చంద్రుడి నడకనే. వీధి పొడవుగా ఉంటుంది, రచ్చబండ ఒక చోటే ఉంటుంది. అందుకే చంద్రుడు రోహిణిలో ఉన్నాడని రాసిన రోజున చంద్రుడు ఆ ఎర్రచుక్కను ఆనుకుని ఉండకపోవచ్చు.

ఇక ఆకాశంలోకి వెళదాం. ముందు పట్టుకోవలసింది గొల్లకావడిని. తెలియనివాళ్లకు కూడా కళ్లను లాగేసే మూడు చుక్కలవి, ఒకే గీత మీద, ఒకే దూరంలో, ఇంచుమించు ఒకే వెలుగుతో ఉంటాయి. నడిమి చుక్క గొల్లవాడు, అటూ ఇటూ రెండు కడవలు. ఇవి ఖగోళ మధ్యరేఖకు చాలా దగ్గరగా ఉండటం వల్ల కచ్చితంగా తూర్పున పొడిచి కచ్చితంగా పడమర కుంకుతాయి. కొత్త చోట దిక్కు తెలియకపోతే ఇదొక్కటి చాలు. పండగ రోజుల్లో రాత్రి 10:10 దాటాక ఇవి దక్షిణాన అన్నింటికంటే ఎత్తుకు చేరతాయి. అప్పుడు దక్షిణం వైపు తిరిగి తల బాగా పైకెత్తితే, గొల్లకావడికి ఎడమ పైభాగంలో ఎర్రగా ఒకటి, కుడి కిందిభాగంలో నీలపు తెలుపులో ఒకటి, రెండు పెద్ద చుక్కలు కనిపిస్తాయి. ఎర్రది ఆరుద్ర. తెల్లది రైజెల్. చుక్కలన్నీ ఒకే రంగనుకునేవాళ్లు ఈ రెంటినీ ఒకదాని తర్వాత ఒకటి చూడాలి. కొలిమిలో ఇనుము మొదట ఎర్రబడి, వేడెక్కే కొద్దీ తెల్లబడుతుంది. చుక్కలూ అంతే. ఎర్రది చల్లనిది, నీలపుది వేడిది.

గొల్లకావడి గీతను కుడిపక్కకు, పైకి పొడిగిస్తే రోహిణి వస్తుంది. అదే గీతను ఇంకా సాగదీస్తే గుప్పెడు నువ్వులు చల్లినట్టున్న చిన్న గుంపు, కృత్తికలు. పల్లెల్లో దీన్ని పిల్లలకోడి అంటారు, ఇంతకంటే అందమైన పేరు ఏ భాషలోనైనా ఉందేమో నాకు తెలియదు. మామూలు కంటికి ఆరు చుక్కలు. చిన్న బైనాక్యులర్ పెడితే పదుల సంఖ్యలో కోడిపిల్లలు బయటపడతాయి. రోహిణి చుట్టూ ఉన్న చిన్న చుక్కలను కలుపుకుంటే పక్కకు వాలిన బండి నొగల్లా కనిపిస్తుంది. పాతవాళ్లు దీన్ని రోహిణీ శకటం అన్నారు. నిజానికి ఆ బండికీ రోహిణికీ సంబంధం లేదు. కాంతి సంవత్సరమంటే వెలుతురు ఏడాదిలో పోయే దూరం. బండి చుక్కలు 150 కాంతి సంవత్సరాల దూరంలో ఉంటే రోహిణి 65 దగ్గరే, మనకూ బండికీ మధ్యలో ఉంది.

గొల్లకావడిని మోస్తున్న ఆకారం మొత్తాన్ని వేటగాడనుకుంటే, భుజాలకు పైన తల ఉండవలసిన చోట మూడు సన్నని చుక్కల ముక్కోణం ఉంటుంది. అదే మృగశిర. వర్షాకాలపు తలుపు తెరిచే ఇంత పెద్ద పేరుకు ఇంత చిన్న గుర్తా అనిపిస్తుంది. పట్టణంలో కనిపించదు, పొలం గట్టు మీద నుంచి కనిపిస్తుంది.

ఆరుద్ర గురించి కాస్త ఎక్కువసేపు చెప్పుకోవాలి. ఆర్ద్ర అంటే తడి. తడి పేరు పెట్టుకున్న ఈ చుక్క నిజానికి వయసు ముదిరి ఉబ్బిపోయిన అగ్నిగోళం. దాన్ని తెచ్చి సూర్యుడి స్థానంలో పెడితే అంగారకుడి కక్ష్య కూడా దాని కడుపులోకి పోతుంది. 2019 చివరలో ఇది ఉన్నట్టుండి మసకబారడం మొదలుపెట్టింది. 2020 ఫిబ్రవరి నాటికి మామూలు వెలుగులో సగం కూడా మిగలలేదు. పేలిపోతుందేమోనని ప్రపంచమంతా ఎదురుచూసింది. తర్వాత తేలిందేమంటే, అది తన నుంచి వెదజల్లిన పదార్థం చల్లబడి ధూళిగా మారి, మన వైపు తెరలా అడ్డం వచ్చింది. ఏదో ఒక రోజు అది నిజంగానే పేలుతుంది. ఆ రోజు రేపు కావచ్చు, లక్ష ఏళ్ల తర్వాత కావచ్చు. పేలినప్పుడు పట్టపగలే కనిపిస్తుంది.

ఆరుద్రకు ఈశాన్యంగా, పక్కపక్కనే రెండు చుక్కలు జంటగా ఉంటాయి. అవి పునర్వసు. ఈ నెల వాటిని వెతకనక్కర్లేదు, వాటి పక్కన గురుడు కూర్చుని ఉన్నాడు. చంద్రుడు లేని రాత్రి ఆకాశంలో అన్నింటికంటే పెద్ద వెలుగు అతనిదే, మిణుకుమనకుండా నిలకడగా ఉంటుంది. పంచాంగం తెరిచి చూడండి, గురుడు మిథునంలో, పునర్వసులో అని రాసి ఉంటుంది. రాశిఫలాల కోసం చదివే ఆ వాక్యం ఆకాశంలో ఒక చోటుకు గుర్తు, వెళ్లి సరిచూసుకోవచ్చు. ఈ నెల 10న సూర్యుడు, భూమి, గురుడు ఒకే వరుసలోకి వచ్చాయి. అందువల్ల గురుడు ఈ ఏడాదికంతటికీ దగ్గరగా, సుమారు 63 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. సూర్యాస్తమయానికి తూర్పున పొడిచి రాత్రంతా ఉంటాడు. నడినెత్తికి వచ్చేది సరిగ్గా 12 గంటలకు కాదు, ఆ తర్వాత 20, 25 నిమిషాలకు. మన గడియారాలు 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి, మనం దానికి పడమరగా ఉన్నాం. జనవరిలో సూర్యుడు కూడా గడియారంకంటే కొన్ని నిమిషాలు వెనకబడతాడు. రెండూ కలిసి మన అసలు అర్ధరాత్రిని అంత జరుపుతున్నాయి. పిట్టగోడ మీద మోచేతులు ఆనించి బైనాక్యులర్‌తో చూస్తే గురుడికి అటూ ఇటూ సూదిమొనల్లాంటి ఉపగ్రహాలు కనిపిస్తాయి. 1610 జనవరిలో గెలీలియో చూసినవి ఇవే. రాత్రి రాత్రికీ వాటి వరుస మారుతుంది, అందుకే ఒక రోజు చూసి ఊరుకోకూడదు.

పునర్వసుకు తూర్పుగా పుష్యమి. ఇక్కడ పెద్ద చుక్క లేదు, చీకటి బాగా ఉంటే ఊదిన పొగలాంటి మసక మరక ఉంటుంది. అది కొన్ని వందల చుక్కల గుంపు. ఇప్పుడు నడుస్తున్నది పుష్యమాసం కదా, ఆ పేరు ఇక్కడి నుంచే వచ్చింది. పౌర్ణమి నాడు చంద్రుడు ఏ నక్షత్రం దగ్గర ఉంటాడో ఆ పేరే నెలకు పెట్టారు. కృత్తిక నుంచి కార్తికం, మృగశిర నుంచి మార్గశిరం, పుష్యమి నుంచి పుష్యం, మఖ నుంచి మాఘం. అయితే మొన్న 3వ తేదీ పుష్య పౌర్ణమి నాడు చంద్రుడు పుష్యమి దాకా రానేలేదు, మధ్యాహ్నం ఆరుద్రలో ఉండి రాత్రికి పునర్వసులోకి వెళ్లాడు. పంచాంగం తప్పలేదు. పన్నెండు చాంద్రమాసాలు కలిస్తే సౌర సంవత్సరంకంటే పదకొండు రోజులు తక్కువ. ఆ లోటు పేరుకుపోతూ పౌర్ణములు ఏటేటా ముందుకు జరుగుతాయి. లోటు నెల రోజులు దాటాక ఒక అధికమాసం వేసి సరిచేస్తారు. ఈ ఏడాది మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం రాబోతోంది. దాని ముందున్న నెలలం గనుక మనం ఇప్పుడు ఆ లోటు బాగా ముదిరిన దశలో ఉన్నాం. ఆ లోటు ఎంతో అంకెల్లో చెబితే తలకెక్కదు. పౌర్ణమి చంద్రుడు పుష్యమికి ఎంత ఇవతల ఆగాడో కళ్లతో చూస్తే అర్థమవుతుంది.

మిగతా గ్రహాల సంగతి త్వరగా ముగిస్తాను. శని సాయంత్రం నైరుతి వైపు మీనంలో ఉన్నాడు, రాత్రి 10 దాటాక అస్తమిస్తాడు. నిరుడు మార్చిలో వలయాలు అంచువైపు తిరిగాయి కనుక టెలిస్కోప్‌లో ఇంకా సన్నని గీతలానే ఉన్నాయి. శుక్రుడు, కుజుడు కనిపించరు. ఈ నెల 6న శుక్రుడు, 9న కుజుడు సూర్యుడికి అవతలి పక్కకు చేరారు. ఈ జనవరిలో పెళ్లి ముహూర్తాలు లేకపోవడానికి పురోహితులు చెప్పే శుక్ర మౌఢ్యం, వాడుకలో మూఢం, ఇదే. సూర్యుడి వెలుగులో శుక్రుడు మునిగి కనిపించకుండా పోయే కాలం. ముహూర్తాల మీద ఎవరి నమ్మకం వారిది, ఆ మాట వెనుక ఉన్నది మాత్రం కంటితో చేసిన నికార్సయిన పరిశీలన.

సంక్రాంతి విషయంలో కూడా ఇలాంటి ముడి ఒకటుంది. సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబర్ 21, 22 తేదీల్లో. మనం ఉత్తరాయణ పుణ్యకాలమని చెప్పుకునే మకర సంక్రమణం జనవరి 14న. మధ్యలో 24 రోజుల తేడా. భూమి బొంగరంలా తిరుగుతూనే బొంగరంలా తల కూడా ఊపుతుంది. ఆ ఊపు ఒక చుట్టు పూర్తి కావడానికి దాదాపు 26,000 ఏళ్లు పడుతుంది. దానివల్ల నక్షత్రాలతో కొలిచే సంవత్సరం, రుతువులతో కొలిచే సంవత్సరంకంటే 20 నిమిషాలు ఎక్కువ. ఏడాదికి 20 నిమిషాలంటే లెక్కలోకి రాదు, 71 ఏళ్లకు ఒక రోజు అవుతుంది. సుమారు 1,700 ఏళ్ల కిందట సంక్రాంతి, ఉత్తరాయణం ఒకే రోజున వచ్చేవి. మన కార్తెలు నక్షత్రాలను పట్టుకుని నడుస్తాయి, వానలు రుతువులను పట్టుకుని నడుస్తాయి. అందువల్ల రెండింటి మధ్య ఈ జారుడు ఎప్పుడూ ఉంటుంది. అలంపురంలో బాదామి చాళుక్యులు నవబ్రహ్మ ఆలయాలు కట్టించిన 7వ శతాబ్దంలో, రోహిణి కార్తె నేటి లెక్కలో మే 6 ప్రాంతంలోనే వచ్చేది. అప్పటి రైతు రోహిణి అన్నప్పుడు చూసిన ఎండ మనం చూసే ఎండకంటే మూడు వారాల ముందటిది. కార్తెల సామెతలను వాతావరణ సూచనలుగా వాడేవాళ్లు ఈ సంగతిని తప్పక గుర్తుంచుకోవాలి.

అలంపురం మాట వచ్చింది కనుక ఇంకొకటి. గొల్లకావడి నుంచి కిందికి కత్తిలా వేలాడే చిన్న చుక్కల వరుస మధ్యలో ఒక మసక మచ్చ ఉంటుంది. అక్కడ కొత్త నక్షత్రాలు పుడుతున్నాయి. దాని దూరం దాదాపు 1,340 కాంతి సంవత్సరాలు. అంటే ఈ రాత్రి మీ కంట్లో పడే ఆ వెలుతురు బయలుదేరినప్పుడు అలంపురంలో ఉలి చప్పుడు వినిపిస్తూ ఉండేది. ఇలా మన నేల చరిత్రనంతా చుక్కల మీద పరుచుకోవచ్చు. కృత్తికల వెలుగు 440 ఏళ్ల నాటిది, చార్మినార్ కట్టడానికి కాస్త ముందటిది. రోహిణి వెలుగు 1960 ప్రాంతంలో బయలుదేరింది. 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగి, 1967లో నీళ్లు వదిలిన నాగార్జునసాగర్ ఆనకట్టకు అప్పుడు రాళ్లు పేరుస్తున్నారు. ఆ రాళ్లు మోసినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు.

గొల్లకావడి గీతను ఎడమకు, కిందికి పొడిగిస్తే మృగవ్యాధ నక్షత్రం, అంటే సిరియస్. రాత్రి ఆకాశంలో అన్ని నక్షత్రాలకంటే ప్రకాశవంతమైనది. దూరం 8.6 కాంతి సంవత్సరాలే. దాని వెలుగు బయలుదేరేనాటికి నల్లగొండ మూడు జిల్లాలై ఏడాది కూడా కాలేదు. నేలా ఆకాశమూ కలిసినట్టు కనిపించే దిక్చక్రానికి దగ్గరగా ఉన్నప్పుడు అది ఎరుపు, పచ్చ, నీలం రంగుల్లో చిటపటలాడుతుంది. దాన్ని చూసి డ్రోన్ అనుకున్నవాళ్లు నాకు తెలుసు. ఆ రంగులు చుక్కవి కావు, మధ్యలో ఉన్న మన గాలివి. రాత్రి 11 గంటలకు మృగవ్యాధానికి బాగా కింద, దక్షిణ దిక్చక్రానికి 20 డిగ్రీల ఎత్తున ఇంకో పెద్ద చుక్క ఒంటరిగా ఉంటుంది. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు 10 డిగ్రీలు, ఇలాంటివి రెండు పిడికిళ్లు. అది అగస్త్యుడు. వింధ్య దాటి దక్షిణానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన ముని పేరు దానికి పెట్టడంలో గొప్ప చూపు ఉంది. ఉత్తరానికి పోయేకొద్దీ అగస్త్యుడు కిందికి దిగిపోతాడు. ఢిల్లీలో ఒక పిడికిలి ఎత్తు కూడా ఉండడు. ఐరోపాలో చాలా దేశాలకు అసలే కనిపించడు. ఆకాశంలోని అతి ప్రకాశవంతమైన ఇరవై నక్షత్రాల్లో ఎనిమిది ఈ చలికాలపు గుంపులోనే ఉన్నాయి. మన అక్షాంశం నుంచి ఆ ఎనిమిదీ హాయిగా కనిపిస్తాయి.

ఉత్తరం వైపు ధ్రువనక్షత్రం దిక్చక్రానికి 17 డిగ్రీల ఎత్తున, రెండు పిడికిళ్లకు కాస్త తక్కువలో ఉంటుంది. మన అక్షాంశమే దాని ఎత్తు. సప్తర్షులు ఈ నెలలో ఆలస్యంగా వస్తారు. ఏడుగురూ పైకి వచ్చేసరికి రాత్రి 11 దాటుతుంది, తోకమీద నిలబడినట్టు ఈశాన్యంలో నిటారుగా ఉంటారు. నారాయణపేట జిల్లాలో కృష్ణానది ఒడ్డున ముడుమాల్ అనే ఊరుంది. అక్కడ మనిషికి రెండింతల ఎత్తున్న నిలువురాళ్లు సుమారు 80, వాటి చుట్టూ వేల చిన్న రాళ్లు వరుసల్లో ఉన్నాయి. బృహత్ శిలాయుగపు మనుషులు నిలిపినవి. అక్కడి ఒక బండ మీద సప్తర్షి మండలం ఆకారంలో చిన్న చిన్న గుంటలు చెక్కి ఉన్నాయి. రాళ్ల వరుసలు అయనాలు మారే నాటి సూర్యోదయ, సూర్యాస్తమయ దిక్కులతో కలుస్తున్నాయని పరిశోధకులు చెబుతున్నారు. 2025లో ఈ స్థలం యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కింది. దాదాపు మూడున్నర వేల ఏళ్ల కిందట ఆ గుంటలు తొలిచిన మనిషికి ఈనాటి ధ్రువనక్షత్రం ధ్రువం కాదు. భూమి తల ఊపు వల్ల ఉత్తర ధ్రువం అప్పట్లో వేరే చోటును చూస్తూ ఉండేది. సప్తర్షుల ఆకారం మాత్రం అదే. ఆ రాతిని, ఆ ఏడు చుక్కలను ఒకే రాత్రి చూసే అవకాశం ఉన్న జిల్లా మనది.

చూడటానికి చీకటి కావాలి. ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల టెలిస్కోప్‌ను నగరంలో కాకుండా సాగర్ రోడ్డు వైపు జపాల్–రంగాపూర్‌లో పెట్టింది చీకటి కోసమే. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచే పరిశీలించారు. ఇప్పుడు హైదరాబాద్ వెలుగు ఎంతో దూరం పాకింది. నల్లగొండ నుంచి చూస్తే వాయవ్యంలో, మహబూబ్‌నగర్ నుంచి ఈశాన్యంలో కింద తెల్లటి మసక కనిపించేది ఆ నగరమే. కాబట్టి సప్తర్షులు పొడవడం చూడాలంటే నల్లగొండ వైపు మేలు. నల్లమల లోపలికి పోనక్కర్లేదు, రాత్రిపూట అడవి దారి మూసేస్తారు కూడా. దేవరకొండ, అచ్చంపేట, కొల్లాపూర్ వైపు ఊరి బయట రెండు పొలాలు దాటితే చాలు. ఫోను జేబులో పెట్టి పావుగంట కళ్లను చీకటికి అలవాటు పడనివ్వండి. తెల్లవారుజామున పొగమంచు పట్టవచ్చు కనుక సాయంత్రం 7:15 నుంచి అర్ధరాత్రి దాకా ఉన్న సమయమే ఈ నెలకు మంచిది.

అమావాస్య ఈ నెల 18న. పండగకు ఊరికి వెళ్లిన వారమంతా సాయంత్రాలు చీకటిగానే ఉంటాయి. చుక్కల కోసం ఆ రోజులు. 23న సాయంత్రం నెలవంక శని దగ్గరికి వస్తుంది. అసలు వేడుక నెలాఖరున. 27వ తేదీ సాయంత్రం చంద్రుడు పిల్లలకోడి పక్కన, కృత్తికలో ఉంటాడు. 28న రోహిణిలో. 29న మృగశిర, 30న ఆరుద్ర, ఆ రాత్రే గురుడి దగ్గరికి చేరతాడు. 31న పునర్వసు. ఫిబ్రవరి 1, మాఘ పౌర్ణమి సాయంత్రం, పుష్య పౌర్ణమికి అందని పుష్యమిలో నిండుగా ఉంటాడు. మే 11న కృత్తిక కార్తెతో బయలుదేరే సూర్యుడికి ఈ ఆరు ముక్కలూ దాటడానికి ఆగస్టు మొదటి వారం వరకు పడుతుంది. అదే దారిని చంద్రుడు ఆరు సాయంత్రాల్లో నడిచి చూపిస్తాడు. భోజనాలయ్యాక పిల్లలను డాబా మీదికి తీసుకెళ్లి, క్యాలెండర్‌లో ఆ రోజు నక్షత్రం పేరు చదివించి, తర్వాత పైకి చూపించండి.